బ్లీచింగ్ పెంచుతుంటే క్లోరిన్ రీడింగ్ తగ్గుతోంది. చెరువు నీరు పచ్చబడింది, ఏం చేయాలి?

కాలువగట్టు:

అందరికీ నమస్కారం. విజయనగరం జిల్లా, మడ్డువలస ఆయకట్టు వైపు ఒక తాగునీటి స్కీము గురించి అడుగుతున్నాను. కాలువ వదిలినప్పుడు ఎస్‌ఎస్ ట్యాంకు (ఎండాకాలానికి నీరు నిల్వచేసే చెరువు) నింపుకుంటాం. నిండితే 20,000 ఘనపు మీటర్లు. అక్కడి నుంచి రెండు స్లో శాండ్ ఫిల్టర్లకు (నీటిని నెమ్మదిగా వడకట్టే ఇసుక తొట్లు) వస్తుంది, ఒక్కొక్కటి 12 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. తర్వాత 60 వేల లీటర్ల సంపు. అక్కడి నుంచి గంటకు 60 వేల లీటర్లు తోడే మోటారుతో లక్షన్నర లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకుకి. రోజు సరఫరా సుమారు 5 లక్షల లీటర్లు, నాలుగు ఊళ్ళు.

మార్చి ఆఖరి నుంచి ట్యాంకు నీరు పచ్చబడింది. అంతకు ముందు రోజుకి 4 కిలోల బ్లీచింగ్ వేసేవాళ్ళం, ఇప్పుడు 6 కిలోలు. సగం ఫిల్టర్ ఇన్‌లెట్ దగ్గర మూటకట్టి వేలాడదీస్తాం, సగం సంపులో కలుపుతాం. ఓవర్‌హెడ్ ట్యాంకు దగ్గర క్లోరోస్కోప్‌లో (రంగు చూసి క్లోరిన్ కొలిచే కిట్) 4 కిలోలప్పుడు 1 పీపీఎం (లీటరుకి 1 మి.గ్రా.) పసుపు వచ్చేది. 6 కిలోలు వేశాక 0.4 చూపిస్తోంది. పైగా చివరి కుళాయిల దగ్గర పెట్టిన ఐదు హెచ్2ఎస్ సీసాల్లో (నీటిలో మలం నుంచి వచ్చే బాక్టీరియా ఉంటే నల్లబడే పరీక్ష సీసాలు) రెండు నల్లబడ్డాయి. రీడింగ్ 1 ఉన్న రోజుల్లో కూడా ఒకటి నల్లబడింది. 40 రోజులకోసారి ఇసుక పైపొర గీరే ఫిల్టర్ ఇప్పుడు ఆరు రోజులకే పట్టేస్తోంది. రాత్రి 8కి ఫిల్టర్ వాల్వు కట్టేసి ఉదయం 6కి తీస్తాం. పీహెచ్ ఉదయం 7 గంటలకు చూశాను, 7.6. నీళ్ళు మట్టి వాసన వేస్తున్నాయని అందరి ఫిర్యాదు.

2024 అక్టోబరులో గుర్లలో డయేరియా ప్రబలిన దగ్గర్నుంచి మా వైపు జనం నీళ్ళ గురించి గట్టిగా అడుగుతున్నారు. అడగాల్సిందే. ప్రెసిడెంటు గారు ట్యాంకులోనే బ్లీచింగ్ చల్లేయమంటున్నారు. ఇంకొకరు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వేయమంటున్నారు. ఏది చేయాలి, ఏది చేయకూడదు?

జార్‌టెస్ట్:

ముందు ఈరోజే చేయాల్సిన పని ఒకటుంది. ఫిల్టర్ ఇన్‌లెట్ దగ్గర మూట తీసేయండి. ట్యాంకులో చల్లే ఆలోచన కూడా మానండి. స్లో శాండ్ ఫిల్టర్ పని చేసేది ఇసుక వల్ల సగమే. ఇసుక మీద పేరుకునే జిగురు పొరలో సూక్ష్మజీవులు ఉంటాయి, అవే బాక్టీరియాను తినేసేది. మూట నుంచి వచ్చే క్లోరిన్ ఆ పొరను చంపుతోంది. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటి ఉంది. నాచు కణం బతికున్నంతసేపు అది ఒక రేణువు, ఇసుక దాన్ని ఆపుతుంది. క్లోరిన్ తగిలి కణం పగిలితే లోపలున్న సేంద్రియ పదార్థం, వాసన, విషం ఉంటే ఆ విషం, అన్నీ నీటిలో కరిగిపోతాయి. కరిగినదాన్ని ఇసుక అంత తేలిగ్గా ఆపలేదు. అది సంపులోకి వచ్చి అక్కడ వేసిన క్లోరిన్‌ను తింటుంది, ట్రైహాలోమీథేన్లు అనే హానికర పదార్థాలు తయారుచేస్తుంది. మీరు నాచును చంపడానికి ఖర్చుపెట్టిన క్లోరిన్, సంపులో మీ క్లోరిన్‌కే శత్రువుని తయారుచేసి పంపుతోంది.

ఇక డోసు పెంచితే రీడింగ్ తగ్గడం. కిట్ పాడవలేదు, బ్లీచింగ్ నకిలీ అని కూడా అప్పుడే అనుకోకండి. నాచు కుళ్ళే నీటిలో అమ్మోనియా ఉంటుంది. క్లోరిన్ ముందుగా అమ్మోనియాతో కలిసి క్లోరమైన్ అవుతుంది. డోసు పెంచేకొద్దీ ఈ కలిసిన క్లోరిన్ పెరుగుతూ, అమ్మోనియా నైట్రోజన్‌కు సుమారు 5 రెట్ల బరువు దగ్గర గరిష్ఠానికి చేరుతుంది. అది దాటి వేస్తే కొత్త క్లోరిన్ ఆ క్లోరమైన్‌నే విరగ్గొడుతుంది, రీడింగ్ కిందికి జారుతుంది. లెక్క ప్రకారం 7.6 రెట్ల దగ్గర, ఆచరణలో 8 నుంచి 10 రెట్ల దగ్గర అడుగుకి చేరుతుంది. దాన్నే బ్రేక్‌పాయింట్ అంటాం. అది దాటాక వేసిన ప్రతి గ్రాము ఫ్రీ క్లోరిన్‌గా, అంటే అమ్మోనియాతో కలవని క్లోరిన్‌గా మిగులుతుంది. మీ 4 కిలోలు గుట్ట ఎక్కిన చోట ఉన్నాయి, 6 కిలోలు దిగిన లోయలో ఉన్నాయి. ఇదంతా ఊహ మీద చెప్పకుండా, కింద రాసిన పరీక్షతో మీరే తేల్చుకోవచ్చు.

రీడింగ్ 1 ఉన్నా సీసా ఎందుకు నల్లబడింది? క్లోరోస్కోప్‌లో ఉండే ఆర్థోటాలిడిన్ ఫ్రీ క్లోరిన్‌కి వెంటనే, క్లోరమైన్‌కి కాసేపటికి పసుపు రంగు ఇస్తుంది. చుక్కలు వేసి మూత బిగించి, ట్యూబు తుడిచి, వెలుతురులో పెట్టి చూసేసరికి రెండూ కలిసిన రంగు కనిపిస్తుంది. క్లోరమైన్ బాక్టీరియాను చంపడంలో ఫ్రీ క్లోరిన్‌కన్నా చాలా నెమ్మది. కాబట్టి ఆ 1 పీపీఎం పేరుకే 1. డీపీడీ కిట్ తెప్పించండి. 1వ నంబరు మాత్ర వేసి నిమిషంలోపు చదివితే ఫ్రీ క్లోరిన్. అదే ట్యూబులో 3వ నంబరు మాత్ర వేసి రెండు నిమిషాలు ఆగి చదివితే మొత్తం క్లోరిన్. తేడా అంతా క్లోరమైన్.

ఇప్పుడు పరీక్ష. మీ బ్లీచింగ్ బలం తెలియాలి. తాజాదైతే 30 శాతం పైన ఉంటుంది, బస్తా విప్పి ఉక్కలో రెండు నెలలు ఉంచితే 20 కూడా మిగలకపోవచ్చు. ల్యాబ్‌లో చూపించలేకపోతే ప్రస్తుతానికి 25 అనుకుందాం. 4 గ్రాములు తూచి ఒక లీటరు మంచి నీటిలో కలిపి, అరగంట తేరనిచ్చి, పైన తేట తీసుకోండి. అందులో మిల్లీలీటరుకి 1 మిల్లీగ్రాము క్లోరిన్ ఉంటుంది. ఫిల్టర్ నుంచి వచ్చిన, క్లోరిన్ పడని నీరు లీటరు చొప్పున ఐదు సీసాల్లో పట్టండి. సిరంజితో 1, 2, 3, 4, 5 మి.లీ. వేయండి, అంటే డోసు 1 నుంచి 5 పీపీఎం. మూతలు బిగించి నీడలో అరగంట ఉంచండి. ఎండలో పెడితే ఎండే క్లోరిన్‌ను తినేస్తుంది, పరీక్ష పాడవుతుంది. తర్వాత ఒక్కోదానిలో ఫ్రీ, మొత్తం రెండూ రాసి ఇక్కడ పెట్టండి. హారాక్స్ కప్పులు (బావికి ఎంత బ్లీచింగ్ కావాలో తేల్చే కప్పులు) ఉంటే అవి బావుల కోసం బాగానే పనికొస్తాయి గానీ ఈ గుట్ట, లోయ వాటిలో కనపడవు.

ఇంకొకటి. పీహెచ్ ఉదయం 7కి కాదు, మధ్యాహ్నం 3కి చూడండి. ఎస్‌ఎస్ ట్యాంకులో ఒకటి, సంపులో ఒకటి.

ఇసుకపొర:

జార్‌టెస్ట్ గారు క్లోరిన్ సంగతి చెప్పారు, నేను ఫిల్టర్ సంగతి చెప్తాను. మీ ఇబ్బందిలో ముప్పాతిక అక్కడే ఉంది.

రెండు బెడ్లు కలిపి 216 చదరపు మీటర్లు. 5 లక్షల లీటర్లను 24 గంటల మీద పరిస్తే గంటకు 0.096 మీటర్ల వేగం, అంటే స్లో శాండ్‌కి చక్కటి వేగం. మీరు 14 గంటలే నడుపుతున్నారు కాబట్టి 0.165 అవుతోంది. ఒక బెడ్ గీరడానికి ఆపితే రెండోదానిలో 0.33. అది హద్దు దాటినట్టే, 0.2 మించకూడదు. ఆ రోజుల్లోనే మీ సీసాలు నల్లబడుతున్నాయేమో తేదీలు సరిచూడండి.

రాత్రి వాల్వు కట్టడం ఈ కాలంలో మరీ ప్రమాదం. పగలు నాచు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి అదే నాచు పీల్చుకుంటుంది. నీరు కదలకుండా ఆగిపోతే తెల్లారేసరికి ఇసుకలో ఆక్సిజన్ అయిపోయి, పొరలోని మంచి జీవులు చచ్చి, కుళ్ళిన వాసన, అమ్మోనియా కిందికి దిగుతాయి. ఉదయం 6కి వాల్వు తీయగానే ఆ నీళ్ళే ముందు సంపులోకి వస్తాయి. రాత్రంతా నడపండి. 24 గంటలు నడిపితే రాత్రి పది గంటల్లో వచ్చేది సుమారు 2 లక్షల 8 వేల లీటర్లు. మీ సంపు 60 వేలు, ఓవర్‌హెడ్ లక్షన్నర, రెండూ కలిపి 2 లక్షల 10 వేలు. రాత్రి 8కి రెండూ ఖాళీగా ఉండేలా సాయంత్రం సరఫరా ముగించి, మోటారుకి ఫ్లోట్ స్విచ్ పెడితే సరిపోతుంది. కరెంటు పోయి ఇన్‌లెట్ ఆగినా అవుట్‌లెట్ పూర్తిగా కట్టకండి. పైనున్న నీరే నెమ్మదిగా దిగుతూ ఉంటుంది, పొర బతుకుతుంది.

ఆరు రోజులకోసారి 2 సెంటీమీటర్లు గీరితే ఏమవుతుందో లెక్కేయండి. 90 సెం.మీ. ఇసుక 20 గీరుళ్ళకి, అంటే 120 రోజుల్లో 50 సెం.మీ.కి వస్తుంది. 50 కన్నా కిందికి పోతే బాక్టీరియా ఆగదు, మళ్ళీ ఇసుక నింపాల్సిందే. కాబట్టి గీరడం తగ్గేలా నీడ వేయండి. నాచుకి తిండి ఎండ. బెడ్ మీద పైపుల ఫ్రేమ్ కట్టి 75 శాతం గ్రీన్ షేడ్ నెట్ వేస్తే చాలు. తాటాకు పందిరి అయితే ఆకు నీటిలో రాలకుండా కింద వల కట్టాలి, రాలి కుళ్ళితే అదే కొత్త ఎరువు. నెట్ వేసేలోగా తేలే పాచి చాపల్ని రోజూ పొద్దున్నే పొడుగు కర్ర జల్లెడతో తీసి, గట్టుకి దూరంగా పోయండి. గట్టు మీదే పోస్తే మొదటి వానకి మళ్ళీ లోపలికే.

గీరేటప్పుడు నీటిమట్టం ఇసుక పైభాగానికి 15, 20 సెం.మీ. కిందికి మాత్రమే దించండి, పూర్తిగా ఖాళీ చేయొద్దు. చదునైన పారతో 1 నుంచి 2 సెం.మీ. పై పొర తీసేయండి. పని ఒక్క పూటలో అయిపోవాలి, ఎండకి ఇసుక ఆరితే లోపలి జీవం కూడా పోతుంది. తర్వాత రెండో బెడ్‌లో వడకట్టిన నీటిని కింద నుంచి ఎక్కించండి, ఇసుకలో గాలి బయటికి పోతుంది. పైనుంచి పోస్తే గాలి బుడగలు చిక్కుకొని ఆ దారుల్లో నీరు వడకట్టకుండానే జారిపోతుంది. ఇసుక మీద 10 సెం.మీ. నీరు నిలిచాక పై ఇన్‌లెట్ తీసి, పావు వేగంతో మొదలుపెట్టండి. మొదటి ఒకటి రెండు రోజుల నీరు సంపుకి కాదు, బయటికి వదిలేయాలి. మబ్బుతనం 1 ఎన్‌టీయూ (మబ్బుతనం కొలత) లోపుకి వచ్చాకే సంపుకి కలపండి. ఎండాకాలంలో నీళ్ళు పారబోయడానికి మనసొప్పదు, నిజమే. వీలైతే ఆ నీటిని తిరిగి ఎస్‌ఎస్ ట్యాంకుకే మళ్ళించే పైపు వేసుకోండి.

ట్యాంకు నుంచి నీరు ఎక్కడ తీసుకుంటున్నారన్నది కూడా ముఖ్యమే. పాచి చాలావరకు పైన ఉంటుంది. ఎండాకాలం మన దగ్గర ఎక్కువగా నైరుతి గాలి, అంటే ఆ పాచి ఈశాన్యపు గట్టుకి కొట్టుకొస్తుంది. మీ ఇన్‌టేక్ అటే ఉంటే దురదృష్టం. ప్లాస్టిక్ డ్రమ్ముల తెప్ప కట్టి, దాని నుంచి సక్షన్ పైపు పైమట్టానికి మీటరు, మీటరున్నర కింద వేలాడేలా పెట్టండి. మట్టం తగ్గేకొద్దీ తెప్ప కూడా దిగుతుంది. అడుగు నుంచి తోడొద్దు. అక్కడ ఆక్సిజన్ ఉండదు, ఇనుము, మాంగనీసు, బురద వస్తాయి, అవీ క్లోరిన్‌ను తింటాయి.

ఒక ప్రశ్న కూడా. ట్యాంకుని చేపలకి పాట ఇచ్చారా?

కాలువగట్టు:

ఇద్దరికీ ధన్యవాదాలు. మూట తీసేశాం. మూట లేకుండా ఫిల్టర్ నీటితో పరీక్ష చేశాను. డోసు 1 దగ్గర ఫ్రీ సున్నా, మొత్తం 0.5. డోసు 2 దగ్గర ఫ్రీ 0.1, మొత్తం 1.3. డోసు 3 దగ్గర ఫ్రీ 0.1, మొత్తం 0.4. డోసు 4 దగ్గర ఫ్రీ 0.7, మొత్తం 0.9. డోసు 5 దగ్గర ఫ్రీ 1.6, మొత్తం 1.8.

మధ్యాహ్నం 3కి పీహెచ్ ట్యాంకులో 9.1, సంపులో 8.9. ఉదయం 7.6 చూసినదే మధ్యాహ్నానికి ఇంత ఎలా అయింది? చేపల పాట ఎస్‌ఎస్ ట్యాంకుకి లేదు గానీ, నీరు వచ్చే పై చెరువుకి ఉంది.

జార్‌టెస్ట్:

మీ అంకెలే చెప్తున్నాయి. 2 దగ్గర గుట్ట, 3 దగ్గర లోయ. పాత 4 కిలోలంటే 5 లక్షల లీటర్లకి 2 పీపీఎం, 6 కిలోలంటే 3 పీపీఎం. మీరు సరిగ్గా గుట్ట మీద నుంచి లోయలోకి దిగారు. ఇప్పటికి డోసు 4 కావాలి. 5,00,000 లీటర్లు × 4 మి.గ్రా. అంటే 2 కిలోల క్లోరిన్, 25 శాతం పౌడర్ అయితే 8 కిలోలు, అంతా ఫిల్టర్ తర్వాతే. ఎక్కువనిపిస్తుంది, కానీ 6 దగ్గర ఆగడం అన్నిటికన్నా చెడ్డ చోటు. అక్కడ పౌడరూ పోయింది, రక్షణా లేదు, వాసన ఎక్కువ. ఫిల్టర్ బాగుపడి అమ్మోనియా తగ్గితే ఈ డోసు దానంతటదే కిందికి వస్తుంది. అందుకే వారానికోసారి ఈ ఐదు సీసాల పరీక్ష మళ్ళీ చేయండి, లేకపోతే తగ్గించాల్సిన రోజు తెలియదు.

పీహెచ్ ఎందుకు పెరిగిందంటే, నాచు ఎండలో నీటిలోని బొగ్గుపులుసు గాలిని పీల్చుకుంటుంది. అది తగ్గేకొద్దీ పీహెచ్ పెరుగుతుంది. రాత్రి నాచు తిరిగి వదులుతుంది, తెల్లారేసరికి దిగుతుంది. ఉదయం మాత్రమే కొలిచేవాళ్ళకి ఇది ఎప్పటికీ కనపడదు. క్లోరిన్‌కి దీంతో ఏం పనంటే, నీటిలో ఫ్రీ క్లోరిన్ రెండు రూపాల్లో ఉంటుంది. చంపేది ప్రధానంగా హైపోక్లోరస్ ఆమ్లం. రెండోది హైపోక్లోరైట్, బలం చాలా తక్కువ. పీహెచ్ 7 దగ్గర నాలుగింట మూడు వంతులు ఆమ్లం. 7.6 దగ్గర 44 శాతం. 8 దగ్గర పావు వంతు. మీ 8.9 దగ్గర సుమారు 4 శాతం. డీపీడీ రెండిటినీ కలిపే చూపిస్తుంది. అంటే కిట్‌లో అదే 1 పీపీఎం ఉన్నా, మధ్యాహ్నం నీటిలో పని చేసే క్లోరిన్ ఉదయం దానిలో పదో వంతు కూడా కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే 0.5 పీపీఎం, 30 నిమిషాలు అన్న సూత్రం పీహెచ్ 8 లోపే వర్తిస్తుంది. ఆ షరతు చాలామంది మర్చిపోతారు.

మన స్థాయిలో యాసిడ్ పోసి పీహెచ్ దించే పని పెట్టుకోవద్దు. ఇసుకపొర గారు చెప్పిన నీడ, రాత్రంతా ఫిల్టర్ నడపడం, రెండూ పీహెచ్‌ను కూడా దించుతాయి. రాత్రి నీరు సంపులో కలిస్తే సగం పని అయినట్టే. పీహెచ్ 8 లోపుకి వచ్చేదాకా ఓవర్‌హెడ్ దగ్గర ఫ్రీ క్లోరిన్ 1 ఉంచండి, డోసు 4 దానికి చాలకపోతే కొద్దిగా పెంచండి, చివరి కుళాయిలో 0.5కి తగ్గకుండా చూడండి. ఐఎస్ 10500 (తాగునీటికి భారత ప్రమాణం) ప్రకారం మామూలు రోజుల్లో 0.2 కనీసం, 1 దాకా అనుమతి.

ఇక సమయం. మీ సంపు 60 వేలు, మోటారు గంటకు 60 వేలు. గంట ఆగుతుందనుకుంటున్నారేమో. ఇన్‌లెట్, అవుట్‌లెట్ మధ్య అడ్డుగోడలు లేని సంపులో మొదట వచ్చిన నీరు అడ్డదారిలో పారిపోతుంది. అలాంటి సంపుకి లెక్కలో పదో వంతే తీసుకుంటారు, అంటే 6 నిమిషాలు. సంపు సగమే ఉంటే 3. రెండు ఇటుక గోడలు ఎదురెదురు చివర్ల దారి వదిలి కట్టి, నీటిని మెలికలు తిప్పితే 0.3 నుంచి 0.5 దాకా వస్తుంది, అంటే 18 నుంచి 30 నిమిషాలు. మోటారు మార్చే అవకాశం ఉంటే గంటకు 25 వేల లీటర్లది ఇంకా మంచిది. ఓవర్‌హెడ్ ట్యాంకులో కొంత సమయం కలుస్తుంది గానీ, రైజింగ్ మెయిన్ (మోటారు నుంచి ఓవర్‌హెడ్‌కి ఎక్కే పైపు) మీదే కనెక్షన్ తీసుకున్న ఇళ్ళకి అది కూడా ఉండదు. ఆ ఇళ్ళ సీసా విడిగా పెట్టి చూడండి.

బ్లీచింగ్ సంపులో గుమ్మరించొద్దు. 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ములో 8 కిలోలు, ముందు కొద్ది నీటితో ముద్దగా చేసి, తర్వాత నింపి కలిపి, రెండు గంటలు తేరనివ్వండి. కుళాయి అడుగుకి 15 సెం.మీ. పైన పెట్టండి, సున్నపు మడ్డి కిందే ఉండిపోతుంది. కుళాయిలోకి మడ్డి వస్తే అర్ధరాత్రి చుక్క ఆగిపోతుంది, ఎవరికీ తెలియదు. తేటని ఫిల్టర్ అవుట్‌లెట్ పైపు సంపులో పడే చోట, నిమిషానికి 140 మి.లీ. చొప్పున వదలండి. కొలగ్లాసు పట్టి వాచీ చూసి సరిచేయండి, మట్టం తగ్గేకొద్దీ ధార సన్నబడుతుంది కాబట్టి రోజుకి మూడుసార్లు చూడాలి. మాస్కు, గ్లోవ్స్ తప్పనిసరి. సంపు మూత తెరిచి ఉంచొద్దు, ఎండ క్లోరిన్‌ను తినేస్తుంది.

ట్రైహాలోమీథేన్ల భయంతో డోసు తగ్గిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. వాటిని తగ్గించే దారి నాచును క్లోరిన్‌కి ముందే తీసేయడం. క్రిములతో వచ్చే ప్రమాదం ఈ వారమే ఉంది, దాంతో అవి సాటి రావు.

సీసాపరీక్ష:

మైలుతుత్తం గురించి. ఇప్పుడు వేయొద్దు, ఎందుకంటే ట్యాంకు ఇప్పటికే పచ్చగా ఉంది, మీకున్నది ఒక్కటే ట్యాంకు.

లెక్క ప్రకారం లీటరుకి 0.5 మి.గ్రా. స్ఫటికం అంటే 20,000 ఘనపు మీటర్లకి 10 కిలోలు. అది పెద్ద పని కాదు. సమస్య తర్వాత వస్తుంది. నాచంతా ఒక్కసారి చచ్చి కుళ్ళితే ఆక్సిజన్ అయిపోతుంది, చేపలు తేలతాయి, అమ్మోనియా ఇంకా పెరుగుతుంది. నీలి ఆకుపచ్చ నాచు అయితే కణాలు పగిలి విషం నీటిలోకి వస్తుంది, అది విరిగిపోవడానికి వారాలు పట్టొచ్చు. రాగి మీ ఫిల్టర్ పొరను కూడా చంపుతుంది. అది వాడే సమయం వేరు. నాచు అప్పుడే మొదలవుతున్నప్పుడు, తేటగా ఎండకాసే ఉదయం, గోనెసంచిలో పోసి పడవ వెనక లాగుతూ, ట్యాంకులో సగం లేదా మూడో వంతుకే వేసి, ఆ తర్వాత కొన్ని వారాలు ఆ నీరు తీసుకోకుండా ఉండగలిగిన చోట. రెండు ట్యాంకులున్న స్కీముల్లో అది కుదురుతుంది, మీకు కుదరదు.

ఏ నాచో మీరే తెలుసుకోవచ్చు. ముందు ఒక కర్ర ముంచి తీయండి. జుట్టులా దారాలు వేలాడితే దారపు నాచు, అది ఫిల్టర్‌ని పట్టేస్తుంది గానీ విషం భయం తక్కువ. పెయింటులో ముంచినట్టు పూతలా అంటుకుంటే నీలి ఆకుపచ్చ అనుమానం. తర్వాత గాజుసీసాలో ముప్పాతిక నీరు పట్టి, కదపకుండా రాత్రంతా చల్లటిచోట ఉంచండి. పచ్చదనం పైన వలయంలా తేలితే అనుమానం బలపడినట్టే, అడుగుకి దిగితే మామూలు పచ్చ నాచు అయ్యుండొచ్చు. గ్లోవ్స్ వేసుకునే ముట్టుకోండి. తేలితే ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ల్యాబ్‌ని మైక్రోస్కోప్ పరీక్షకి అడగండి.

నీలి ఆకుపచ్చ నాచులో ముఖ్యమైన విషం మైక్రోసిస్టిన్. ఎక్కువ కాలం తాగే నీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు లీటరుకి 1 మైక్రోగ్రాము, కొద్దిరోజుల వాడకానికి 12. ఇక్కడ ఒక మంచి మాట ఉంది. పీహెచ్ 8 లోపు ఉండి, అరగంట తర్వాత ఫ్రీ క్లోరిన్ 0.5 మిగిలితే మైక్రోసిస్టిన్‌ను క్లోరిన్ విరగ్గొడుతుంది. పీహెచ్ 8.9 దగ్గర ఆ పని సరిగా జరగదు. క్రిములకు చెప్పిన షరతే విషానికీ వర్తిస్తుంది. క్లోరమైన్ దీన్ని దాదాపు ఏమీ చేయలేదు.

మట్టి వాసన జియోస్మిన్ వంటి పదార్థాలది. లీటరుకి 10 నానోగ్రాముల దగ్గరే ముక్కుకి తెలుస్తుంది. క్లోరిన్ పెంచితే పోదు, మందు వాసన కూడా దానికి కలుస్తుంది. పోవాలంటే యాక్టివేటెడ్ కార్బన్ కావాలి, లేదా ఆరోగ్యంగా ఉన్న స్లో శాండ్ పొర చాలావరకు తినేస్తుంది. కార్బన్ పొడి వాడితే క్లోరిన్ వేసే చోటికి చాలా ముందే వేయాలి, రెండూ కలిస్తే ఒకదాన్నొకటి పాడుచేస్తాయి.

పై చెరువు చేపల పాట సంగతి ఊరికే వదలకండి. చేపలకి మేత కోసమే పేడ, సూపర్ ఫాస్ఫేట్ వేసి నీటిని కావాలని పచ్చబరుస్తారు. ఆ పచ్చదనమే కాలువ వెంట మీ ట్యాంకుకి వస్తోంది. పాట షరతుల్లో ఎరువు, పేడ వేయకూడదని రాయించాలి. కాలువ వదిలిన మొదటి నీరు ట్యాంకుకి పట్టకుండా ఒకరోజు పక్కకి పోనివ్వాలి.

ఉద్దానంపైపు:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మాది శ్రీకాకుళం జిల్లా, పలాస వైపు. పటిక వేసి ర్యాపిడ్ శాండ్ ఫిల్టర్‌తో శుద్ధి చేసే ప్లాంటుకి ఇవన్నీ ఇలాగే వర్తిస్తాయా?

జార్‌టెస్ట్:

కొంత తేడా ఉంది. అక్కడ పీహెచ్ 9 నీటిలో పటిక సరిగా పట్టదు, కరిగిన అల్యూమినియం మిగిలిపోతుంది. ఐఎస్ 10500లో దానికి 0.03 హద్దు, తప్పనిసరైతే 0.2 దాకా. జార్ టెస్ట్ (ఎంత పటిక కావాలో గాజు పాత్రల్లో చూసే పరీక్ష) మధ్యాహ్నం నీటితో కూడా చేయాలి, ఉదయం డోసు మధ్యాహ్నానికి చాలదు. కొంత పటిక పీహెచ్‌ను దించడానికే ఖర్చవుతుంది. నాచు ఫ్లాక్ (పటికతో కట్టిన ముద్దలు) తేలికగా ఉండి సెటిలింగ్ ట్యాంకులో తేలుతుంది, దాన్ని ఫిల్టర్ దాకా రానివ్వకుండా పైనుంచి తీయాలి. ముందస్తు క్లోరిన్ అక్కడ అలవాటు. నీలి ఆకుపచ్చ నాచు ఉన్న వారాల్లో దాన్ని ఆపి, ఫిల్టర్ తర్వాత మాత్రమే వేయండి. పైపు పొడుగైతే మధ్యలో మళ్ళీ క్లోరిన్ కలిపే చోటు ఉండాలి. నాగావళి, వంశధార ఇసుకలో ఇన్‌ఫిల్ట్రేషన్ బావులున్న స్కీములకి ఈ బాధలో చాలాభాగం ఉండదు, నది ఇసుకే ముందు వడకట్టేస్తుంది. అయినా మట్టం పడిపోయినప్పుడు బావి పక్క మడుగు పచ్చబడిందేమో చూసుకోవాలి.

కాలువగట్టు:

సీసా పరీక్ష చేశాను, పచ్చదనం సగం తేలింది, సగం దిగింది. ల్యాబ్‌కి నమూనా పంపుతున్నాం. అంతవరకు ఇళ్ళకి ఏం చెప్పమంటారు? మరిగించి తాగమని చెప్పాం.

సీసాపరీక్ష:

సగం తేలిందంటే ఉందనే అనుకోవాలి. మరిగించడం క్రిములకి మంచిదే, ఆ మాట వెనక్కి తీసుకోకండి. కానీ మైక్రోసిస్టిన్ మరిగిస్తే పోదు, నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. ఆ సంగతి కూడా చెప్పాలి. ల్యాబ్ ఫలితం వచ్చేదాకా పసిపిల్లల పాలకి, డయాలసిస్ చేయించుకునేవాళ్ళకి మాత్రం ఈ నీరు వద్దు, బోరు నీరో ట్యాంకరో ఇవ్వండి. డయాలసిస్ ఎక్కువగా ఆసుపత్రిలోనే చేస్తారు కాబట్టి, దగ్గర్లో ఏ ఆసుపత్రి అయినా ఈ పైపు నీరు వాడుతుంటే వాళ్ళకి ఈరోజే చెప్పండి. ఎస్‌ఎస్ ట్యాంకు గట్టు దగ్గర పచ్చటి నురగ ఉన్నచోట పశువుల్ని తాగనివ్వొద్దు, పిల్లల్ని దిగనివ్వొద్దు. కంచె లేకపోతే ముళ్ళకంప అయినా వేయండి.

ఇసుకపొర:

నమూనా పంపేటప్పుడు మూడు చోట్ల పట్టండి. తెప్ప దగ్గర మీటరున్నర లోతులో ఒకటి, ఫిల్టర్ అవుట్‌లెట్‌లో ఒకటి, చివరి కుళాయిలో ఒకటి. ముదురు రంగు సీసాలో, ఐసు మీద, అదే రోజు చేరాలి. కుళాయి సీసాలో సోడియం థయోసల్ఫేట్ కొద్దిగా వేయాలి, లేకపోతే దారిలో కూడా క్లోరిన్ పని చేస్తూనే ఉంటుంది. మొదటి బెడ్ మీద నెట్ కట్టాక గీరే రోజుల మధ్య ఎంత ఎడం వచ్చిందో, రెండో బెడ్ నెట్ లేకుండా ఎంత వచ్చిందో విడివిడిగా రాసి పెట్టండి. రెండో నెట్‌కి డబ్బు అడగడానికి ఆ రెండు అంకెలు చాలు.